స్కాను చెప్పేదెంత? మనం చేయాల్సిందెంత?

కాన్పు కబురు రాగానే మనవాళ్లు అడిగే మొదటి మాట 'ఆడపిల్లా, మగపిల్లాడా?' రెండో మాట 'పుట్టగానే ఏడ్చిందా?' ఆ రెండో ప్రశ్నలో మన అమ్మమ్మల అనుభవమంతా ఉంది. కేరుమని ఏడిస్తే ఊపిరి అందినట్టు. ఏడవకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ పైకి అనరు. ఏడాది గడిచాక, తోటి పిల్లలు తప్పటడుగులు వేస్తుంటే ఈ బిడ్డ ఇంకా కూర్చోలేదని గమనించాక, 'అవును, అప్పుడు ఏడవలేదు కదా!' అని గుర్తు చేసుకుంటారు. అప్పటికి ఓ విలువైన ఏడాది చేయి దాటిపోయి ఉంటుంది.

ఆ ఏడాది ఆగాల్సిన పని లేదంటోంది ఇప్పటి వైద్యం. పుట్టిన కొద్ది వారాల్లోనే మెదడును స్కాను తీసి, బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ వచ్చే అవకాశం ఉందో లేదో చాలావరకు చెప్పగలుగుతున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కాగితం చేతికొచ్చిన తల్లి పరిస్థితి ఏమిటి? దాన్ని నమ్మాలా, భయపడాలా, బీరువాలో పెట్టి మరిచిపోవాలా?

నేను డాక్టర్ని కాను. బూర్గంపాడులో బట్టలు కుట్టుకుంటూ, మా ఆయన ఆటో సంపాదనకు తోడుగా ఇల్లు నడుపుకునేదాన్ని. మా బాబు ఏడో నెలలో పుట్టాడు. వాడి కోసం స్కానుల గురించి డాక్టర్లను అడిగి, దొరికినవి చదివించుకుని తెలుసుకున్నది నాలాంటి తల్లులకు పనికొస్తుందని రాస్తున్నాను.

శాపమూ కాదు, గ్రహణమూ కాదు

సెరిబ్రల్ పాల్సీని మన పుస్తకాల్లో 'మస్తిష్క పక్షవాతం' అంటారు. ఎదుగుతున్న పసి మెదడుకు దెబ్బ తగిలినా, అది సరిగా ఏర్పడకపోయినా, కదలికను నడిపే భాగాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడమో, అదుపు తప్పి కదలడమో జరుగుతుంది. మెదడులోని దెబ్బ పెరగదు. బిడ్డ పెరిగేకొద్దీ దాని ప్రభావం మాత్రం బయటపడుతూ వస్తుంది. అందుకే రెండు నెలలప్పుడు మామూలుగా కనిపించిన బిడ్డ ఏడాదికి వెనకబడినట్టు కనిపిస్తాడు.

నెలలు నిండని కాన్పుకూ, కష్టమైన కాన్పుకూ, ఈ బిగుసుకుపోయే కాళ్లకూ సంబంధం ఉందని లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లోనే చెప్పాడు. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ 'గ్రహణం నాడు బయట తిరిగింది' అని తల్లినే అంటారు. నన్నూ అన్నారు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి చేసిన పాపం అసలే కాదు.

ఆముదం పెట్టే మాడే కిటికీ

మనం రోజూ ఆముదం అద్దే మాడు ఉంది చూశారూ, అక్కడ ఇంకా ఎముక కలవదు. ఆ మెత్తని చోట కాస్త జెల్లీ రాసి, గర్భిణులకు పొట్ట మీద పెట్టే లాంటి స్కాను పరికరాన్నే ఆనిస్తే లోపలి మెదడు తెర మీద కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ కనుక ఎక్స్‌రే కిరణాలుండవు, సూదుల్లేవు, బిడ్డను బాక్సులోంచి బయటికి తీయనక్కర్లేదు. 'మాడు మీద మిషను పెడితే మాడు పూడదట' అని మా అత్తమ్మ భయపడింది. అలాంటిదేమీ ఉండదు. మాడు దాని సమయానికి అదే పూడుతుంది.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో డాక్టర్లు ముఖ్యంగా రెండు చూస్తారు. ఒకటి, మెదడు మధ్యలో నీరుండే గదుల్లో రక్తస్రావం జరిగిందా అన్నది. రెండోది, ఆ గదుల పక్కనున్న తెల్లని నరాల పోగులు దెబ్బతిన్నాయా అన్నది. ఈ రెండోదానికి 'పెరివెంట్రిక్యులార్ ల్యూకోమలేషియా' అని నోరు తిరగని పేరు. కాళ్లకు వెళ్లే నరాల పోగులు సరిగ్గా ఆ గదులను ఆనుకునే వెళతాయి. అందుకే ముందుగా పుట్టిన పిల్లల్లో చేతుల కంటే కాళ్లు ఎక్కువగా బిగుస్తాయి.

ఇక్కడే తల్లులు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. రక్తస్రావమైతే మొదటి వారంలోనే కనిపిస్తుంది. నరాల పోగులు దెబ్బతిన్న చోట చిన్న చిన్న గుంతలు ఏర్పడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే మొదటి స్కాను బాగున్నంత మాత్రాన కథ అయిపోయినట్టు కాదు. మళ్లీ రమ్మన్నప్పుడు వెళ్లాల్సిందే.

గోదావరి ఇంటికొచ్చిన వారం

2022 జూన్ మొదటి వారంలో మా బాబు ముప్పై వారాలకే పుట్టాడు. బరువు కిలో రెండొందల యాభై గ్రాములు. ఖమ్మంలో నెల రోజులకు పైగా బాక్సులో ఉంచారు. మూడో రోజు తీసిన స్కానూ, రెండో వారంలో తీసిందీ రెండూ బాగున్నాయి. డిశ్చార్జి చేస్తూ 'జూలై మూడో వారంలో ఇంకో స్కాను' అని కాగితం మీద రాసిచ్చారు.

ఆ వారమే గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర యాభై మూడు అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంతటిది మళ్లీ అప్పుడే చూశాం. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అటు గోదావరి, ఇటు కిన్నెరసాని ఎగదన్ని మా ఊరి చుట్టూ నీళ్లే. బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో, ఆసుపత్రిలో నేర్పినట్టే బిడ్డను రవికె లోపల గుండెకు ఆనించి కట్టుకుని కూర్చున్నాను. వాడి ఫైలు మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి నా పక్కనే పెట్టుకున్నాను.

నీళ్లు తీసేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద. కుట్టు మిషను తుప్పు పట్టింది. ఆటో ఇంజన్లోకి నీళ్లెక్కాయి. చేతిలో ఉన్న డబ్బులు ఆటో బాగు చేయించడానికా, వంద కిలోమీటర్ల దూరం వెళ్లి బాగానే ఉన్న బిడ్డకు మళ్లీ స్కాను తీయించడానికా? 'రెండుసార్లు మంచిగనే ఉందన్నరు గద. పాలు తాగుతుండు, నవ్వుతుండు. మళ్లా ఎందుకు?' అంది అత్తమ్మ. ఆమె మాటలో తప్పేం లేదు. ఆటో తిరిగితేనే మాకు పూట గడిచేది. మా ఆయన ఆ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. తెల్లారాక 'ఆటో సంగతి తర్వాత చూద్దాం, పద' అన్నాడు.

రెండు వారాలు ఆలస్యంగా తీసిన ఆ మూడో స్కానులో రెండు వైపులా చిన్న గుంతలు కనిపించాయి.

ఎమ్మారై గదిలో ఏం జరుగుతుంది?

అల్ట్రాసౌండ్‌లో అనుమానం తగిలినా, కాన్పు సమయంలో ఊపిరందక బిడ్డకు ఫిట్స్ వచ్చినా ఎమ్మారై తీయమంటారు. ఇందులోనూ ఎక్స్‌రే కిరణాలుండవు. అయస్కాంతంతో బొమ్మ తీస్తారు. పసిపిల్లలకు చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. కడుపు నిండా పాలిచ్చి, గుడ్డలో గట్టిగా చుట్టి, మిషను మోత వినపడకుండా చెవులు కప్పితే నిద్రలోనే అయిపోతుంది.

నెలలు నిండి పుట్టి ఊపిరందని బిడ్డల్లో సాధారణంగా మొదటి వారం, రెండో వారంలో తీస్తారు. దెబ్బ మెదడు లోతుల్లోని థలామస్, బేసల్ గాంగ్లియా అనే కేంద్రాల మీద పడితే నాలుగు కాళ్లూచేతులకూ, మింగడానికీ ఇబ్బంది రావచ్చు. కామెర్లు బాగా ముదిరి మెదడు దెబ్బతింటే ఒళ్లు మెలికలు తిరిగే రకం పాల్సీ వస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, అసలు కాన్పు కావాల్సిన తేదీ దగ్గరపడ్డాక తీసిన ఎమ్మారై ఎక్కువ చెబుతుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో అలా 167 మంది పిల్లలకు తీసి, రెండేళ్లు నిండాక పరీక్షించి, ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. తెల్లని పోగులు ఎక్కువగా దెబ్బతిన్న పిల్లల్లోనే కదలికల ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి.

మా బాబుకు ఆగస్టులో తీశారు. డాక్టరమ్మ బొమ్మను వెలుతురుకు పట్టి చూపించి, 'వీడు నడవడని ఇది చెప్పట్లేదమ్మా. వీడి కాళ్లను కనిపెట్టుకుని ఉండమని చెబుతోంది' అంది.

స్కాను కళ్లు కప్పేవాళ్లూ ఉన్నారు

మరి స్కాను చెబితే అంతేనా? కాదు. సెరిబ్రల్ పాల్సీని తొందరగా పట్టుకునే పద్ధతులన్నిటినీ జల్లెడ పట్టి, ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం 2017లో ఒక వ్యాసం ప్రచురించింది. అంతకుముందు ఏడాది, రెండేళ్లు వచ్చాక గానీ తేల్చని ఈ జబ్బును ఆరు నెలల లోపే తేల్చవచ్చని అందులో చెప్పారు. ముందు ముందు పాల్సీ వచ్చే పిల్లలు వందమంది ఉంటే, ఎమ్మారై 86 నుంచి 89 మందిని ముందే పట్టుకుంటుంది. అంటే పదకొండు నుంచి పద్నాలుగు మంది దాని కంటికి చిక్కరు. చేతులతో పట్టి పరీక్షించే హామర్‌స్మిత్ పద్ధతికి తొంభై మంది చిక్కుతారు. బిడ్డ కదలికలను ఊరికే చూసే ఒక పద్ధతికి ఏకంగా 98 మంది!

ఆ పద్ధతి హైంజ్ ప్రెక్టెల్ అనే వైద్యుడిది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ మూడో నెల నుంచి ఐదో నెల దాకా వెల్లకిలా పడుకుని, మెడా, నడుమూ, మణికట్టూ, చీలమండా అన్నిటినీ చిన్నగా, ఆగకుండా, అన్ని దిక్కులకూ కదుపుతూ ఉంటాడు. మనం 'ఆడుకుంటున్నాడు' అనుకుంటాం కదా, ఆ కదలికలే. అవి లేకపోతే అనుమానించాలి. 1997లో ప్రెక్టెల్ బృందం 130 మంది పిల్లలను చూసి, ఈ కదలికలు చెప్పే జోస్యం అల్ట్రాసౌండ్ కంటే నిక్కచ్చిగా ఉందని తేల్చింది.

దీనికి కావాల్సిందల్లా మెలకువగా, ఏడవకుండా ఉన్న బిడ్డ, నేల మీద ఓ దుప్పటి, మూడు నుంచి ఐదు నిమిషాల వీడియో. బిడ్డను పలకరించకూడదు, చేతికి బొమ్మ ఇవ్వకూడదు. తీయడం మన ఫోన్లోనే తీయొచ్చు. చూసి చెప్పడానికి మాత్రం శిక్షణ పొందినవాళ్లే కావాలి. ఎమ్మారై మా అడవి పక్క ఊళ్లకు రాదు. వీడియో మాత్రం ఇక్కడి నుంచి ఎక్కడికైనా వెళుతుంది.

నెలలు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. ముందుగా పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ నుంచి కాదు, కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కించాలి. మా బాబు రెండు నెలలకు పైగా ముందు వచ్చాడు కనుక, వాడి మూడో నెల అందరి లెక్కలో ఆరో నెల దగ్గర పడింది.

సియాటిల్‌లో ఒక తెలుగు ఇల్లు

ఇది పేదింటి జబ్బనీ, పల్లెటూరి కాన్పుల జబ్బనీ అనుకునేవాళ్లుంటారు. హైదరాబాద్‌లో పెరిగి మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో (2017) తమ కొడుకు జైన్ గురించి రాసుకున్నారు. ముప్పై ఆరో వారంలో ఓ రాత్రి, కడుపులో బిడ్డ ఎప్పటిలా కదలడం లేదని భార్య అను గమనించారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లారు. 1996 ఆగస్టు 13న ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మూడు పౌన్లు, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ. బిడ్డ ఏడవలేదు. గర్భంలోనే ఊపిరందక జైన్‌కు తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ వచ్చింది.

తమకే ఎందుకిలా జరిగిందని తాను బాధపడుతున్న రోజుల్లో, ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న అను మాత్రం బిడ్డను కారులో ఒక థెరపీ నుంచి ఇంకో థెరపీకి తిప్పారనీ, ఆమెను చూసే తాను నేర్చుకున్నాననీ ఆయన రాశారు. జైన్ 2022 ఫిబ్రవరిలో, ఇరవై ఐదేళ్ల వయసులో కన్నుమూశాడు. అంతకుముందు ఏడాది ఆ దంపతులు సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో పిల్లల మెదడు పరిశోధన కోసం అతడి పేరున ఒక ఆచార్య పీఠం నెలకొల్పారు.

ఈ కథలో గర్భిణులకు ఒక మాట ఉంది. కడుపులో కదలిక తగ్గిందనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

బొమ్మ చూశాక ఏం చేయాలి?

మా బాబు ఉన్న వార్డులోనే, గూడెం నుంచి వచ్చిన ఓ అమ్మ ఉండేది. ఆమె బిడ్డ నెలలు నిండి పుట్టినా ఏడవలేదు. ఎమ్మారై బాగాలేదన్నారు. 'ఇక ఏం లాభం లేదట' అని చుట్టాలెవరో అన్నారు. వాళ్లు మళ్లీ రాలేదు. మరుసటేడు సంతలో కనిపించినప్పుడు బిడ్డను చూశాను. కాళ్లు కత్తెరలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ బిడ్డకు నడక వచ్చేదో లేదో నేను చెప్పలేను. కానీ కూర్చోబెట్టే తీరు, పొలమారకుండా తినిపించే తీరు, కాళ్లు బిగుసుకుపోకుండా సాగదీసే తీరు, ఇవన్నీ ఆ తల్లికి ఎవరో ఒకరు నేర్పి ఉండాల్సింది. స్కాను బాగాలేని బిడ్డకే అవి ముందుగా అందాలి.

మొదటి రెండేళ్లలో మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది. దెబ్బతిన్న దారికి బదులు వేరే దారులు వెతుక్కునే శక్తి అప్పుడే ఎక్కువ. అందుకే వ్యాయామం చేయించడమంటే ఊరికే నూనె రాసి కాళ్లు లాగడం కాదు. బిడ్డ తనంతట తాను అందుకునేలా, తిరిగేలా, కూర్చునేలా ఆటలో పెట్టాలి. ఒక చేయే బాగా వాడే పిల్లలకు, రోజూ కాసేపు బాగున్న చేతికి మేజోడు తొడిగి రెండో చేత్తో ఆడించమంటారు. తుంటి కీలు జారకుండా మధ్య మధ్య ఎక్స్‌రే తీసి చూస్తారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తాయి. అవసరమైనవాళ్లను జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. మా టీచరమ్మకు బాబు స్కాను కాగితాలు చూపించాను. ఆమె ప్రతిసారీ గుర్తు పెట్టుకుని కబురు చేస్తుంది. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యం గలవారి సాధికారత జాతీయ సంస్థలోనూ 2021లో పసిపిల్లల కోసం ఇలాంటి కేంద్రం తెరిచారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. కనుక ధ్రువీకరణ పత్రం తీసుకోవడానికి సిగ్గుపడొద్దు.

మా బాబుకు మూడేళ్లు దాటాయి. కాళ్లకు ప్లాస్టిక్ పట్టీలు కట్టుకుని గోడ పట్టుకుని నడుస్తాడు. పట్టు వదిలితే నాలుగడుగులు వేసి కూలబడతాడు. నోరు మాత్రం ఆగదు. 'మళ్లా ఎందుకు' అన్న అత్తమ్మే ఇప్పుడు పొద్దున్నే వాడి ముందు మక్క పేలాలు ఒక్కొక్కటీ దూరంగా పెట్టి నడిపిస్తుంది. వాడు రేపు పట్టీలు లేకుండా నడుస్తాడా? తెలియదు. ఆ మూడో స్కాను తీయించి ఉండకపోతే వాడి వ్యాయామం ఏడాది ఆలస్యంగా మొదలయ్యేదని మాత్రం తెలుసు.

డాక్టరును ఇవి అడగండి

* నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఏడవకపోయినా, ఫిట్స్ వచ్చినా, కామెర్లు బాగా ముదిరినా 'మా బిడ్డ తలకు స్కాను అవసరమా?' అని మీరే అడగండి.

* మొదటి స్కాను బాగుంటే 'మళ్లీ ఎప్పుడు రావాలి?' అని తేదీ రాయించుకోండి.

* స్కాను బాగున్నా, బాగోకపోయినా మూడో నెల నుంచి ఐదో నెల లోపు కదలికలు చూపించండి.

* నాలుగు నెలలు దాటినా పిడికిళ్లు విప్పకపోవడం, మెడ నిలవకపోవడం, గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు బిగుసుకోవడం, ఏడాదిలోపే ఒక్క చేయే వాడటం, తొమ్మిదో నెలకూ కూర్చోలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా 'మగపిల్లలు ఆలస్యంగానే నడుస్తారులే' అని ఊరుకోకండి.

* ఫిల్ములూ, రిపోర్టులూ, డిశ్చార్జి కాగితాలూ ఒకే చోట, తడవని కవర్లో భద్రంగా ఉంచండి. గోదావరి గట్టున ఉండేవాళ్లకు ఈ మాట మరీ మరీ!